ఏ భాషలో మాట్లాడాలి? హనుమ కూడా ఆలోచించాడు



చల్లపల్లిలో మా పిన్ని కొడుకు జర్మన్ నేర్చుకుంటున్నాడు, బీ వన్ పరీక్ష కోసం. చదవడం, వినడం, రాయడం పర్లేదంటాడు. మాట్లాడే భాగం దాదాపు 15 నిమిషాలే, కానీ దాని పేరెత్తితే వాడికి అన్నం సహించదు. "డెర్, డీ, డాస్ అన్నీ వచ్చన్నా, ఎదురుగా మనిషి కూర్చుంటే నోరు పెగలట్లేదు" అంటాడు.

ఇది పిరికితనం కాదండీ. పరభాష క్లాసులో పుట్టే ఈ భయాన్ని విడిగా కొలవడానికి 1986లో ఎలేన్ హార్విట్జ్, మరో ఇద్దరు కలిసి 33 వాక్యాల ప్రశ్నావళే తయారు చేశారు. లెక్క తప్పితే లెక్కే తప్పు. మాట తప్పితే మనిషే తక్కువైనట్టు అనిపిస్తుంది, అదీ బాధ.

ఇప్పుడు సుందరకాండ 30వ సర్గకి రండి. కిష్కింధలో, ఒక్క అపశబ్దం లేకుండా మాట్లాడాడని సాక్షాత్తు రాముడే మెచ్చుకున్న హనుమ, శింశుపా వృక్షం మీద కూర్చుని తటపటాయిస్తున్నాడు. పండితుడిలా సంస్కృతంలో మాట్లాడితే సీతమ్మ రావణుడనుకుని భయపడుతుంది. ఆమె అరిస్తే రాక్షస స్త్రీలు లేస్తారు, పని చెడుతుంది. మాట్లాడకపోతే ఆ తల్లి ప్రాణమే నిలవదేమో! సముద్రం దాటినవాడికి ఒక్క మాట దగ్గర ఇంత ఆలోచన.

గమనించండి, "నాకు వచ్చా?" అని ఆయన అనుకోలేదు. "ఆమెకి ఏది అర్థమవుతుంది, ఏది ధైర్యమిస్తుంది?" అనుకున్నాడు. మామూలు మనుషుల మాట ఎంచుకుని, ఆమెకి బాగా తెలిసిన దశరథుడి దగ్గర మొదలుపెట్టాడు. మా వాడికీ అదే చెప్పా: వ్యాకరణం సంగతి తర్వాత, ముందు నీ కళ్ళకి కనిపించే మన కాలవగట్టు గురించి నాలుగు ముక్కలు చెప్పు అని.

అన్నట్టు, చల్లపల్లికి దగ్గర్లోనే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం ఉంది కదా. అక్కడి ఆంధ్ర మహావిష్ణువు కృష్ణదేవరాయల కలలోకొచ్చి, సంస్కృతంలో అన్ని రాశావు, తెలుగు నీకు అసాధ్యమా అని అడిగినట్టు ఆముక్తమాల్యదలో రాయలే రాసుకున్నాడు. అడిగిన తీరు చూడండి, పరీక్ష పెట్టినట్టు లేదు, తన ప్రీతి కోసం రాయమన్నట్టు ఉంది.

మళ్ళీ లంకకి వస్తే, అంత జాగ్రత్తగా మాట్లాడినా మొదటిసారే పని అయిపోలేదు. దగ్గరికి రాగానే సీతమ్మ రావణుడే వేషం మార్చి వచ్చాడని అనుమానించింది. హనుమ నొచ్చుకోలేదు, లేచిపోలేదు. ఆమె అడిగితే రాముడి రూపురేఖలు ఓపిగ్గా వర్ణించాడు. ఉంగరం బయటికి తీసింది 36వ సర్గలో.