కొత్త నర్సమ్మకు తోడెవరు?
(మార్కు 9:14-29)



మన విచారణల్లో నర్సింగ్ చదివిన బిడ్డలున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దీపం పట్టుకొని ప్రమాణం చేసిన రోజు తీయించుకున్న ఫొటో గోడమీద యేసు తిరుహృదయ పటం పక్కనే వేలాడుతుంటుంది. చదువు పూర్తయింది. కౌన్సిల్‌లో పేరు నమోదైంది. పట్నంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. కృతజ్ఞతగా పూజ చెప్పించాం, చుట్టాలకు మిఠాయిలు పంచాం. ఇక బిడ్డ స్థిరపడినట్టేనని గుండెలమీద చెయ్యి వేసుకుంటాం. నెల తిరక్కుండానే రాత్రివేళ ఫోన్ వస్తుంది. "అమ్మా, నా వల్ల కాదు. వచ్చేస్తాను."

ఆ మాటకు మన ఇళ్లలో సాధారణంగా మూడు జవాబులు వినిపిస్తాయి. "ఇన్నేళ్లు చదివించాక ఇప్పుడిలా అంటే ఎలా?" అనేది మొదటిది. "బ్యాంకు అప్పు ఎవరు కడతారు?" అనేది రెండోది. "ఓర్చుకో తల్లీ, అది నీ సిలువ" అనేది మూడోది. ఇది భక్తిగల ఇంటి జవాబు. మూడింటిలోనూ ప్రేమ లేకపోలేదు. కాని మూడూ ఆ బిడ్డ నోరు మూయిస్తాయి. వార్డులో ఒంటరిగా ఉన్న పిల్ల ఇంటికి ఫోన్ చేసి మళ్లీ ఒంటరిదవుతుంది.

అసలు ఆమెకు ఏమయింది? విద్యార్థినిగా ఉన్నప్పుడు ఆమె వెనుక ట్యూటర్ నిలబడి ఉండేవారు. ఒకరిద్దరు రోగుల సంగతి పూర్తిగా తెలుసుకొని, చేయవలసిన సేవను పుస్తకంలో రాసి దిద్దించుకొనేది. సూది వేసే ముందు "వేయనా మేడమ్?" అని అడిగేది. ఉద్యోగంలో చేరిన రోజునుంచి సంతకం ఆమెదే. రాత్రి డ్యూటీలో ఒక మంచం దగ్గర సెలైన్ అయిపోవస్తుంది. ఇంకో మంచం మీది ముసలాయన కిందికి దిగబోతుంటాడు. మూడో మంచం దగ్గర బంధువులు "సిస్టర్, డాక్టరుగారు ఎప్పుడొస్తారు?" అని నిలదీస్తుంటారు. అప్పుడే కొత్త రోగిని స్ట్రెచర్ మీద తోసుకొస్తారు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? రాత్రి రెండు గంటలకు డాక్టరుగారికి ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో, చేయకపోతే రోగి ప్రాణం మీదికి వస్తుందేమో! ఇక మొదటిసారి తన కళ్లముందు ఒక రోగి కన్నుమూస్తే, ఆ దేహాన్ని శుభ్రం చేసి, అయినవాళ్లకు అప్పగించి, మరునిమిషం పక్క మంచానికి మందులివ్వాలి. ఏడ్వడానికి కూడా తీరిక ఉండదు. ఇరవై రెండేళ్ల పిల్ల మోసే బరువు ఇది.

ఇది మన పిల్ల ఒక్కదాని బలహీనత కాదు. అమెరికాకు చెందిన మార్లీన్ క్రేమర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1974లో దీనిపై ఒక పుస్తకమే రాశారు. చదువులో నేర్చిన ఆదర్శానికీ వార్డులో ఎదురయ్యే వాస్తవానికీ మధ్య కొత్త నర్సుకు గట్టి దెబ్బ తగులుతుందని ఆమె చెప్పారు. మొదట ఉత్సాహం, తరువాత ఆ దెబ్బ, ఆపైన మెల్లగా కోలుకోవడం: ఇదీ క్రమం. 1984లో ప్యాట్రిషియా బెన్నర్ మరో మాట చెప్పారు. నర్సు నైపుణ్యం అయిదు మెట్లలో పెరుగుతుంది. ఒకే రకమైన పనిలో రెండు మూడేళ్లు గడిపిన తరువాత గాని మూడో మెట్టయిన సమర్థత రాదు. అలాంటప్పుడు మూడు నెలల పిల్ల "నాకు అన్నీ చేతకావడం లేదు" అని కుమిలిపోవడం దేనికి? ఆమె ఉండవలసిన మెట్టు మీదే ఉంది.

సువిశేషం కూడా ఇదే చెబుతోంది. ప్రభువు శిష్యులను వెంట ఉంచుకొని నేర్పించారు. తరువాత ఇద్దరిద్దరిగా పంపారు. వారు వెళ్లి దయ్యాలను వెళ్లగొట్టారు, రోగులకు నూనె అంటి స్వస్థపరిచారు. తిరిగొచ్చి జరిగినదంతా చెప్పుకుంటే, ముందు కొంచెం విశ్రాంతి తీసుకొమ్మన్నారు. అంత అనుభవం ఉన్న ఆ శిష్యులే మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి తెచ్చిన బిడ్డను బాగుచేయలేక జనం ముందు తెల్లమొగం వేశారు. చుట్టూ శాస్త్రుల వాదులాట. కళ్లముందు పడిపోయిన పిల్లవాడు. ఆశపడి వచ్చిన తండ్రి నిరాశ. రాత్రి వార్డులో కొత్త నర్సు నిలబడే చోటు అచ్చంగా ఇలాంటిదే.

తరువాత జరిగినదాన్ని గమనించండి. ప్రభువు వారి అవిశ్వాసాన్ని గద్దించిన మాట నిజమే. కాని "మీరు పనికిరారు, పొండి" అనలేదు. ఇంట్లోకి వెళ్లాక శిష్యులు ఆయనను ఏకాంతంగా అడిగారు: మేమెందుకు చేయలేకపోయాం? ఎంత మంచి ప్రశ్న! ఓడిపోయినవాడు నిర్భయంగా ఆ ప్రశ్న అడగగలిగిన ఇల్లు ఒకటి ఉంది. వినే గురువు ఒకరున్నారు. అది ప్రార్థనతోనే సాధ్యమని ఆయన జవాబిచ్చారు. ప్రార్థించడమంటే నా సొంత బలం చాలదని ఒప్పుకొని చెయ్యి చాచడమే కదా!

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన మాకు పునీత తోమాసు అక్వినాసుగారు ఈ సంగతినే మరో రీతిలో నేర్పించారు. వివేకమనే సుగుణానికి ఆయన ఎనిమిది అంగాలు చెప్పారు. వాటిలో ఒకటి ఇతరుల దగ్గర నేర్చుకొనే వినయం. చేయవలసిన పనులు లెక్కలేనన్ని తీరులుగా ఎదురవుతాయి కాబట్టి, వాటన్నిటినీ ఏ ఒక్కడూ తనంతట తానుగా తెలుసుకోలేడట. అనుభవజ్ఞులైన పెద్దలను తప్పక అడగాలట. చదువుకున్నవారికి కూడా ఈ వినయం కావాలని ఆయన స్పష్టంగా రాశారు. అంటే "అక్కా, ఇది నాకు తెలియదు, చూపించవా?" అని అడిగే నర్సు చదువు రానిది కాదు. వివేకం గలది.

కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయిలారా, అబ్బాయిలారా, మీకు రెండు మాటలు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని అయిదు సంగతులు చదువులో వల్లెవేశారు. ఎంత తొందరున్నా వాటిని వదలకండి. ప్రతి మందు ముందూ చేసుకొనే ఆత్మపరిశీలన అనుకోండి. అనుమానం వస్తే చెయ్యి ఆపండి, అడగండి. అడిగినందుకు ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. రోగి క్షేమం మీ పరువుకంటే పెద్దది.

రెండో మాట. పొరపాటు జరిగితే ఆ క్షణమే డాక్టరుగారికి, వార్డు బాధ్యురాలికి చెప్పండి. గుట్టుగా ఉంచి, ఆదివారం గురువుగారి దగ్గర పాపసంకీర్తనం చేస్తే సరిపోతుందని అనుకోకండి. పాపసంకీర్తనం ఆత్మకు మందు. కాని ఆ గంటలో మంచం మీదున్న రోగికి కావలసింది డాక్టరు. నిజం చెప్పిన నోటికి తిట్లు పడవచ్చు, కాని దాచిన పొరపాటు ఒక ప్రాణం తీయవచ్చు.

ఆదివారం డ్యూటీ పడి పూజకు వెళ్లలేకపోయామని చాలామంది బాధపడతారు. రోగులను విడిచి రాలేని స్థితిలో అది పాపం కాదు. శనివారం సాయంత్రం పూజ దొరికితే వెళ్లండి. అదీ వీలుకాకపోతే, ఆ రోజు మీరు కడిగిన పుండును, తిప్పి పడుకోబెట్టిన రోగిని ప్రభువుకు అర్పించండి.

సీనియర్ నర్సులూ, ఆసుపత్రులు నడిపే మఠకన్యలూ ఈ పత్రిక చదువుతారు. అమ్మా, "మాకెవరు నేర్పారు? మేమూ ఏడ్చే నేర్చుకున్నాం" అనే మాట వద్దు. అత్త పెట్టిన ఆరళ్లు పడిన కోడలు, తాను అత్తయ్యాక అవే ఆరళ్లు పెట్టినట్టు ఉంటుంది. కొత్తపిల్లకు మొదటి రాత్రే ఒక మాట చెప్పండి: "అనుమానం వస్తే నన్ను పిలువు." ఆ ఒక్క మాటతో ఆమె భయం సగం తగ్గుతుంది.

నర్సుల పాలక పునీతుడు కమిల్లస్ దె లెల్లిస్‌గారి చరిత్ర మీకు తెలుసా? రోములోని సంత యాకోబు ఆసుపత్రిలో మొదట పనికి చేరినప్పుడు జూదం వల్ల, తగవుల వల్ల ఆయనను పంపేశారు. 1575లో మారుమనస్సు పొందిన తరువాత ఆయన మళ్లీ అదే ఆసుపత్రికి వచ్చారు. ఈసారి అక్కడే పర్యవేక్షకుడయ్యారు. రోగుల సేవకు ఒక సభనే స్థాపించారు. 1930లో జగద్గురువులు పదకొండవ భక్తినాథ పోపుగారు ఆయనను నర్సులకు పాలకునిగా ప్రకటించారు. మన బిడ్డల కన్నీటికి జూదమూ కారణం కాదు, తగవులూ కారణం కాదు. కమిల్లస్‌కు దొరికిన రెండో అవకాశం వారికి దొరకవద్దా?

మన గుంటూరునే చూడండి. ఆస్ట్రేలియా వైద్యురాలు మేరీ గ్లౌరీగారు 1920లో అక్కడికి వచ్చి, మఠకన్యగా జీవిస్తూ వైద్యం చేశారు. అంతమంది రోగులకు తానొక్కతే చాలనని గ్రహించి, స్థానిక స్త్రీలకు నర్సులుగా, మంత్రసానులుగా శిక్షణ ఇచ్చారు. 1943లో కతోలిక ఆసుపత్రులన్నిటినీ కలిపే సంఘాన్ని ప్రారంభించారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. అంతటి వైద్యురాలు కూడా ఒంటరిగా మోయాలనుకోలేదు.

తల్లిదండ్రులారా, ఇక మన వంతు. బిడ్డ ఫోన్ చేసినప్పుడు ముందు పూర్తిగా వినండి. "ఈ రోజు ఏం జరిగిందమ్మా? తిన్నావా? నిద్రపోయావా? అక్కడ నీకు మంచిగా చెప్పేవాళ్లు ఎవరున్నారు?" అని అడగండి. అప్పు మాట, పెళ్లి మాట మరో రోజుకు పెట్టుకోండి. రాత్రి డ్యూటీ చేసి ఇంటికొచ్చిన పిల్లను వంటకూ చుట్టాల మర్యాదకూ నిలబెట్టకండి. గది చీకటి చేసి, పడుకోనివ్వండి. శిష్యులను విశ్రాంతి తీసుకొమ్మన్న ప్రభువు మాట మన ఇళ్లకూ వర్తిస్తుంది.

ప్రతి బాధనూ సిలువ అనకండి. రోగి కోసం మేలుకోవడం, మలమూత్రాలు శుభ్రం చేయడం, చావు దగ్గర నిలబడడం ప్రేమతో మోసే సిలువ. అవమానాలు, లైంగిక వేధింపులు సిలువ కావు, అన్యాయం. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో వేధింపులపై ఫిర్యాదు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. బిడ్డ అలాంటిది చెబితే నమ్మండి, అండగా నిలవండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు వచ్చినా ఆలస్యం చేయకండి, డాక్టరుకు చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మనసుకు మందు తీసుకోవడం విశ్వాసలోపం కాదు. అంతా చూసిన తరువాత ఆ ఉద్యోగం మానుకోవడమే మంచిదని తేలితే, అదీ ఓటమి కాదు. మరో వార్డు, మరో ఆసుపత్రి, మరో పని ఉంటుంది. బిడ్డ ఒక్కతే.

విచారణగా మనం చేయగలిగిందీ ఉంది. మీ విచారణలో పెద్ద నర్సులెవరు, కొత్తగా చేరినవారెవరు? ఒక్కొక్క పెద్దమ్మకు ఒక్కొక్క చిన్నదాన్ని అప్పగించండి. వారానికి ఒక ఫోన్, నెలకు ఒక భోజనం చాలు. ప్రభువు ఇద్దరిద్దరిగా పంపింది ఇందుకే. వచ్చే ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థనలప్పుడు ఈ సంవత్సరం డ్యూటీలో చేరిన బిడ్డలను పేరుపేరునా తలచుకోండి.

వ్యాధిగ్రస్తుల ఆరోగ్యమైన మరియమాత వారి రాత్రులకు తోడుగా ఉండుగాక. ప్రభువు వారి చేతులను, వారికోసం మేలుకొనే మీ ఇళ్లను దీవించునుగాక. ఆమెన్.