సాయమునకు మేర

ఒకరి పని చెడుచున్నప్పుడు, వారికి చెప్పకయే దానిని మనము చక్కబెట్టినచో అది ఉపకారమా, అపకారమా? ఉపకారమే యని లోకము తడుముకొనక చెప్పును. మేమును మొన్నటిదాక నట్లే తలచితిమి. మా తలంపును మార్చినది శాస్త్రగ్రంథము కాదు. మా పాఠశాల పిల్లలు గీసిన యొక బొమ్మల కట్ట.

వార్షికోత్సవమునకై ఆరుగురు విద్యార్థులు కూడి యొక యానిమేషన్ చిత్రము, అనగా కదలు బొమ్మల చిత్రము, తీయదలచిరి. కథ మనమందఱము ఎఱిగినదే. చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభమున, వలలో తగులుకొన్న పావురములు ఒక్కపెట్టున లేచి వలతోగూడ ఎగిరిపోయిన కథ. ఇట్టి కథనే ఫిలిమ్స్ డివిజన్ వారు 1974లో ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా’ యను పేర బొమ్మల చిత్రముగా తీసిరి. దానిని చూచియే మా పిల్లలకు ఉత్సాహము కలిగినది.

ఈ విద్యలోని శ్రమ దగ్గఱనుండి చూచినగాని తెలియదు. సినిమా తెరపై సెకనుకు 24 బొమ్మలు నడచును. ఒక్కొక్కదానిని రెండుసారులు వాడుకొన్నను సెకనుకు 12 గీయవలయును. మా పిల్లల చిత్రము 40 సెకనులది. అనగా 480 బొమ్మలు. అడుగున దీపము పెట్టిన గాజుపలకపై కాగితములు ఒకదానిపై నొకటి పఱచి, క్రింది గీతల జాడ చూచుకొనుచు పైబొమ్మ గీయుదురు. చేయి తిరిగినవారు కదలికకు ఆధారమైన ముఖ్యచిత్రములు గీయగా, తక్కినవారు నడిమి చిత్రములు పూరింతురు. నడిమి చిత్రము నొకదానిని విడిగా చూచి మెచ్చుకొనువాడు లేడు. కాని అవి లేనిచో పావురము ఎగురదు. ఒకచోట మాయమై వేఱొకచోట ప్రత్యక్షమగును.

పావురములు రెక్కలు కొట్టి లేచు ఘట్టము ఐదు సెకనులది. దానికి వలయు 60 బొమ్మలలో నడిమివి 48 గీయు పని తొమ్మిదవ తరగతి బాలిక కొకతెకు వచ్చినది. ఆమె మూడు వారములు కష్టపడెను. ఐనను రెక్కలు తడబడుచునే యుండెను. జట్టుకు పెద్దయైన పదవ తరగతి బాలుడు మంచి చిత్రకారుడు. ఉత్సవమునకు రెండుదినములు ముందు ఆ కట్టను ఇంటికి గొనిపోయి, రెండు రాత్రులు మేల్కొని, నలువది యెనిమిదింటిని తానే తిరిగి గీసెను. ఆమెకు చెప్పలేదు. మాకు మాత్రము చెప్పెను. మేము మంచిపని చేసితివని వాని వీపు తట్టితిమి.

ప్రదర్శన జయప్రదమయ్యెను. చివర ఆరుగురి పేరులును తెరపై వచ్చెను. చప్పట్లు మ్రోగుచుండగా ఆ బాలిక మాయొద్దకు వచ్చి, “మాస్టారూ, ఇందులో నా పేరు ఉందండీ, నేను లేనండీ” అని చెప్పి వెడలిపోయినది.

మఱునాడు బాలుని పిలిచి యడిగితిమి. “పని పాడవకూడదనే చేశానండీ” అనెను. అది నిజము. వాడు తన పేరు ప్రత్యేకముగా వేయించుకొనలేదు. నిద్ర మాని కష్టపడినాడు. ఇక వాని తప్పేమి?

ఇల్లు కాలుచున్నప్పుడు నీళ్లు మోయలేనివాని చేతి కడవను లాగుకొనుట తప్పుగాదు. కాని మా పాఠశాలలో ఆనాడు కాలుచున్నదేమి? నలుగురిలో మా పరువు తప్ప మఱేమియు లేదు. పిల్లలు బొమ్మలు గీయుట నేర్చుకొనుటకై చిత్రము తీయబూని, చిత్రము కొఱకు ఆ నేర్చుకొనుటనే బలియిచ్చితిమి. ఆ తప్పులో బాలునికంటె మా పాలు హెచ్చు.

తక్కిన ఐదుగురి శ్రమ ఒకరివలన చెడవచ్చునా యని చదువరు లడుగవచ్చును. చెడగూడదు. అందుచేతనే ఆమెకు ముందుగా చెప్పవలసియుండెను. ‘నీ పని బాగులేదు, ఈ కారణమువలన’ అను మాట వినుటయు నొక హక్కే. ఆ మాటను దాచి మెల్లగా ఆమె పనిని తొలగించుటలో, ‘ఈమె కిక రాదు’ అను తీర్పు ఇమిడియున్నది. అపరాధికైనను చెప్పుకొన నవకాశమిచ్చి తీర్పు చెప్పుదురు. మేము ఆమెకు అదియు నీయలేదు. పిల్లలు ఎన్నుకొన్న కథయే మమ్ము పరిహసించుచున్నట్లు తోచినది. చిత్రగ్రీవుడు పావురములకు ఉపాయము చెప్పెను. కాని వాని బదులు రెక్కలు తానే కొట్టలేదు. అట్లు కొట్టియున్నచో వల లేచియుండదు.

అదృష్టవశమున బాలుడు ఆమె కాగితములను పాఱవేయలేదు. ఆమెను క్షమింపుమని యడిగి, ఇద్దఱిని గాజుపలకయొద్ద కూర్చుండబెట్టితిమి. లోపము అరగంటలో తేలినది. ఆమె బొమ్మలన్నిటిని సమానమైన దూరమున గీసెను. రెక్క యన్ననో మొదట మెల్లగా కదలి, నడుమ వేగమంది, తుదిని మఱల మందగించును. కావున బొమ్మలు రెండుకొనలయందు దగ్గఱగాను నడుమ ఎడముగాను ఉండవలెను. బాలు డది చూపెను. అప్పుడామె వాని ముఖ్యచిత్రములను చూచి, పావురములన్నియు కవాతు చేయు సిపాయిలవలె ఒక్కసారిగా రెక్క లెత్తుచున్నవనియు, తమ మిద్దెమీది పావురములు అట్లు ఎత్తవనియు చెప్పెను. వానికది యంతవఱకు తోచనేలేదు. ఇద్దఱును తమ తమ బొమ్మలను తామే దిద్దుకొనిరి. క్రొత్త చిత్రమున ఒకచోట రెక్క యింకను కొంచెము వణకును. దానిని దిద్దవలసినది ఆమెయే. ఎట్లు దిద్దవలెనో ఇప్పు డామె యెఱుగును.

ఈ దోషము పాఠశాలకే పరిమితము కాదు. కొడుకు లెక్క తప్పినదని తండ్రి రాత్రి కూర్చుండి తానే చేసిపెట్టును. కోడలి వంట కుదురలేదని అత్తగారు గరిట లాగుకొనును. భార్యకు బ్యాంకు కాగితములు తెలియవని భర్త వ్రేలు చూపినచోట సంతకము చేయించును. వీరందఱును మేలు కోరువారే. సంఘమును బాగుచేయబూనిన మనవంటివారికి ఈ పొరపాటు మఱింత సులభము; ఎవరిని ఉద్ధరింపదలచితిమో వారిని ఒక్కమాటయు నడుగక వారి మేలును మనమే నిర్ణయింతుము. పని నెఱవేఱును, పేరును వచ్చును, కాని వారు మాత్రము అందులో నుండరు.

సాయము మానవలెనని మా అభిప్రాయము కాదు. చేయు సాయము ఎదుటివారికి తెలిసి జరుగవలెను. వారి చేతిని తొలగించునదిగాక, దానికి పని నేర్పునది కావలెను. అందుకు రెండు రాత్రులు చాలకపోవచ్చును, ఉత్సవదినము దాటిపోవచ్చును. దాటనిత్తము.