చిత్తప్రసాదము

మానవుని క్రుంగదీయు బరువులు రెండు విధములు. దారిద్ర్యము, వ్యాధి, ఋణము మున్నగునవి వెలుపలినుండి వచ్చి మీద పడునవి. ఇవి మొదటి విధము. మోయుమని ఎవ్వరును చెప్పకయే తనకు తాను తలకెత్తుకొనునవి రెండవ విధము. మొదటివానిని దింపుటకు ధనమో, వైద్యమో, తోటివారి సాయమో కావలెను. రెండవవానిని దింపుటకు ఇవేవియు చాలవు, ఎత్తుకొన్నవాడే దింపుకొనవలెను. ఈ రెండవ బరువు ఎచ్చటనుండి పుట్టుచున్నది? దానిని దింపుకొను దారి ఏది? ఈ విషయమున శరణుల జీవితములు మనకేమి బోధించుచున్నవో విచారింతము.

పరీక్షలో నూటికి తొంబదియారు మార్కులు తెచ్చుకొన్న బాలుడు, తప్పిపోయిన నాలుగింటికై కన్నీరు పెట్టుకొనుట ఉపాధ్యాయవృత్తిలో నున్న మాబోంట్లకు ఏటేట కానవచ్చు దృశ్యము. కొందరి విషయమున తల్లిదండ్రుల ఒత్తిడియే కారణము కావచ్చును. కాని తండ్రి కోపింపకున్నను, గురువు మందలింపకున్నను ఏడ్చు బాలురు కలరు. వారి లోపలనే కఠినుడైన పరీక్షకుడొకడు కూర్చుండి యున్నాడు. ఆ పరీక్షకుడు బాల్యముతో విడిచిపోవువాడు కాడు. గృహస్థు కుమార్తె పెండ్లికి అప్పుచేసి పొరుగింటికంటె పెద్ద పందిరి వేయునపుడు, ఆ పందిరి క్రింద నిలిచి లెక్కించువాడు అతడే. అతిథికి నాలుగు వంటకములు చాలునని ఎరిగియు ఎనిమిది చేసి, వడ్డించు వేళకు అలసిపోయి, చిరునవ్వుతో పలుకరించుటకు ఓపిక లేని ఇల్లాలిని తరుముచున్నవాడును అతడే. ఎంత చేసినను 'ఇంకను చాలదు' అనుట యొక్కటే ఆతనికి తెలిసిన మాట.

ఇచ్చట మనవారికి ఒక ధర్మసందేహము కలుగుట సహజము. శరణమార్గము కాయకమును కైలాసముతో సమానముగ నెంచినది కదా! అట్టి మార్గమున పుట్టినవారు విశ్రాంతిని కోరవచ్చునా? ఎంత శ్రమించిన అంత పుణ్యము కాదా? సోమరులకు ఈ సందేహము రాదు. నిజాయితీగా పనిచేయువారినే ఇది పట్టి బాధించును. కావున దీనికి సమాధానము వెదకవలసియున్నది. ఆ సమాధానము గొప్ప పండితుని గ్రంథమున గాక, బియ్యపు గింజలు వండి వడ్డించిన ఒక ఇల్లాలి నోట లభించుచున్నది.

పండ్రెండవ శతాబ్దమున కళ్యాణ పట్టణమున, అనగా నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమున, బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో ఆయ్దక్కి మారయ్య యొకడు. కన్నడమున 'అక్కి' యనగా బియ్యము. 'ఆయ్' యనగా ఏరుట. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే ఆయన కాయకము. ఆయన ధర్మపత్ని లక్కమ్మ. నేటి రాయచూరు జిల్లాలోని అమరేశ్వరమునుండి ఈ దంపతులు కళ్యాణమునకు వచ్చిరి. ఏరిన గింజలనే వండి, దాసోహము నడపి, ప్రసాదము స్వీకరించి జీవించుచుండిరి.

ఒక సందర్భమున మారయ్య తత్త్వగోష్ఠిలో మునిగి తన పనివేళను మరచెను. లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచిపోయినదని హెచ్చరించి ఆయనను పనికి పంపెను. మరియొక సందర్భమున మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము మూటగట్టి ఇంటికి తెచ్చెను. మన ఇండ్లలో నైనచో అది పండుగయే! లక్కమ్మ మాత్రము సంతోషింపలేదు. ఈ యధికము ఎవరి మనసున పుట్టిన కోరికయని ప్రశ్నించి, ఆనాటికి మించినదానిని తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

ఈ రెండు ఘట్టములను విడివిడిగ చదువుట మన అలవాటు. మొదటిదానిని చెప్పి సోమరితనమును నిందింతుము. రెండవదానిని చెప్పి దురాశను నిందింతుము. రెంటిని కలిపి చూచిననే లక్కమ్మ హృదయము తెలియును. పని మానినపుడును, పని హద్దు మీరినపుడును ఆమె ఒకే విధముగ హెచ్చరించినది. అనగా కాయకమునకు ఒక కొలత కలదు. ఆ కొలత ఆనాటి అవసరము, ఆనాటి దాసోహము. అంతకు తక్కువైన అది లోపము. అంతకు మించిన అది బరువు. మారయ్య తెచ్చిన అధికము దొంగసొత్తు కాదు, చెమటోడ్చి ఏరినదే. అయినను దానితోబాటు రేపటి భయము, నిన్నటికంటె నేడు హెచ్చు తేవలెనను పట్టుదల ఇల్లు చేరునని ఆమె గుర్తించినదని నా భావము. కాయకము కైలాసమైనది దాని పరిమాణము వలన కాదు, అందలి ప్రశాంతి వలన. పరుగెత్తుచు కైలాసమును చేరినవాడు అచ్చటను పరుగు మానలేడు.

అయితే ఒక విషయమున మెలకువ వలయును. ఈ కథను ఆకలిగొన్నవానికి వినిపించి 'ఉన్నదానితో తృప్తి పడుము' అనుట ధర్మము కాదు. కూలి చాలనివాడు హెచ్చు కూలి కోరుట దురాశ కాదు. అప్పుల పాలైన రైతునకు నిద్ర పట్టకుండుట ఆతని మనోదౌర్బల్యము కాదు. అవి వెలుపలి బరువులు. వానికి వలసినది ఉపదేశము కాదు, ఆదుకొను చేయి. లక్కమ్మ ఈ కొలతను తన గడపకే విధించుకొన్నది. పొరుగువారి మూటను విప్పి చూడలేదు. తృప్తి తాను ఆచరించినచో శీలము. లేనివానికి బోధించినచో క్రౌర్యము.

కోరికలు విడిచినవారు గూడ ఈ బరువునకు అతీతులు కారు. సత్కార్యము గూడ బరువు కాగలదనుటకు సిద్ధరామేశ్వరుని చరిత్రయే సాక్ష్యము. సొన్నలిగె, అనగా నేటి సోలాపురమున, ఆ మహానుభావుడు చెరువు త్రవ్వించెను, దేవాలయములు కట్టించెను. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, ఆ పనులను గాక, వాని వెనుక దాగిన 'నేను చేయించుచున్నాను' అను భావమును ఎత్తిచూపెనని శూన్యసంపాదన మనకు తెలుపుచున్నది. పిదప సిద్ధరాముడు కళ్యాణమునకు పోయి చెన్నబసవేశ్వరునివలన ఇష్టలింగదీక్ష పొందెను. చెరువు చెరువుగనే నిలిచినది. దిగిపోయినది కర్తృత్వభారము మాత్రమే. మఠములయందు దాసోహము, జాతర, విద్యార్థుల వసతి నడపు పెద్దలు ఈ ఘట్టమును మరల మరల మననము చేయదగును. క్రిందటి యేటికంటె జనము తగ్గిరని చింతించునపుడు మనము చింతించుచున్నది వచ్చినవారి ఆకలిని గూర్చియా, మన పేరును గూర్చియా?

ఇక దింపుకొను దారి. అష్టావరణములలో ఒకటి ప్రసాదము. షట్స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. నిత్యవ్యవహారమున ప్రసాదమనగా నైవేద్యము చేసిన ఆహారమని మాత్రమే తలంచుచున్నాము. కాని అమరకోశము ఈ పదమునకు ప్రసన్నత యని అర్థము చెప్పినది. 'ప్ర' యను ఉపసర్గతో గూడిన 'సద' ధాతువునకు నీరు తేరుట, నిర్మలమగుట యనునదియు నొక యర్థము. వానకాలమున ఏటినుండి తెచ్చిన బురదనీటిని మన పెద్దలు ఎట్లు త్రాగిరి? కుండలో పోసి, లోపలి ప్రక్కను చిల్లగింజ అరగదీసి, కదలింపక ఉంచెడివారు. మన్ను అడుగునకు దిగెడిది, పైన తేటనీరు నిలిచెడిది. చేతితో మన్నును ఏరివేయుదమని కుండలో చేయిపెట్టినచో నీరు మరింత కలగును. మనసును బలవంతముగ శాంతపరచ యత్నించువాడు చేయుచున్నది ఇదియే. శాంతిని గూడ ఒక సాధించవలసిన మార్కుగ మార్చుకొని, అది రాలేదని మరల కలతపడుచున్నాడు.

గురువు చెప్పిన మాట చిల్లగింజ వంటిది. దానిని ఒకమారు అరగదీసిన పిమ్మట మనము చేయవలసినది కలచకుండుట. పని చేతనైనంత శ్రద్ధతో చేసి లింగార్పితము చేసినచో, తిరిగి వచ్చు ఫలితము ప్రసాదము. ప్రసాదమును చేతబట్టి 'ఇది తక్కువ, అది ఎక్కువ' అని తూకము వేయువాడు భక్తుడు కాడు. తొంబదియారు వచ్చినను, అరువదియారు వచ్చినను కన్నుల కద్దుకొని, మరునాడు మరల పుస్తకము తెరచుటయే ప్రసాదబుద్ధి.

దీనికి ప్రతిదిన సాధనము మన చేతిలోనే కలదు. ఇష్టలింగమును వామకరతలమున నుంచి దృష్టి నిలుపు వేళ ఆ అరచేతిలో మరియొక వస్తువునకు చోటు లేదు. కాని మనలో పలువురు గడియారము వైపు చూచుచు, జపసంఖ్య నిన్నటికంటె పెరిగినదా యని ఎంచుచు పూజకు కూర్చుందుము. లింగపూజయు లెక్కల పుస్తకమైనచో ఇక విశ్రాంతి ఎచ్చట? పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన ముగ్ధభక్తులను చూడుడు. శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియైన బెజ్జమహాదేవి తన భక్తి ఏపాటిదని కొలుచుకొనలేదు; బిడ్డను మాత్రమే చూచినది. అట్లే ఆ కొద్ది నిమిషములు లింగమును మాత్రమే చూచిన చాలును.

ఇట్లు చెప్పినచో పిల్లలు సోమరులగుదురని కొందరు భయపడవచ్చును. మా తరగతిగదుల అనుభవము అందులకు విరుద్ధము. వణకు చేతితో వ్రాసిన అక్షరము కుదురుగ నుండదు. తప్పునకు భయపడు విద్యార్థి సందేహము అడుగడు, అడుగనివాడు నేర్వడు. కుదుటపడిన మనసే నేర్చుకొనును. లక్కమ్మ హెచ్చరికతో మారయ్య కాయకము మానలేదు. మరునాడును గింజలు ఏరెను. మూట మాత్రము తేలికగ నుండెను.

కావున శరణబంధువులారా! సాయంకాలము ఇల్లు చేరినపుడు మన మూటను మనమే విప్పి చూచుకొందము. అందులో నేటి అవసరమెంత, ఎవ్వరును అడుగకయే మనము చేర్చుకొన్నదెంత? మించినదానిని గడప వెలుపలనే విడిచి లోనికి పోదము. మన గృహములయందు, మఠములయందు చిత్తప్రసాదము నెలకొనుగాక!

శరణు శరణార్థి.