సరుకైన ప్రేక్షకుడు: 'టెలివిజన్ డెలివర్స్ పీపుల్' - ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

వ్యాపార టెలివిజన్‌లో అమ్మేదెవరు, కొనేదెవరు, అమ్ముడయ్యేదేది? కార్యక్రమం సరుకనీ, ప్రేక్షకుడు దాని వినియోగదారుడనీ సాధారణంగా భావిస్తాం. అమెరికన్ శిల్పి రిచర్డ్ సెర్రా, కార్లోటా ఫే స్కూల్‌మన్‌తో కలిసి 1973లో రూపొందించిన 'టెలివిజన్ డెలివర్స్ పీపుల్' అనే వీడియో కృతి ఈ భావనను తలకిందులు చేసింది. ప్రేక్షకుణ్ణి సరుకుగా మార్చడంలో నైతిక దోషం ఎక్కడుంది? ఆ సంగతి తెలిసినంత మాత్రాన అతడు విముక్తుడవుతాడా? ఈ రెండు ప్రశ్నలను ఆ కృతి ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కృతి స్వరూపం

సుమారు 6 నిమిషాల ఈ వీడియోలో కథ లేదు, పాత్రలు లేవు. నీలి తెరపై వాక్యాలు కింది నుంచి పైకి నెమ్మదిగా సాగిపోతాయి. వాటి సారాంశం ఇది: ప్రకటనదారు డబ్బు చెల్లిస్తాడు, టెలివిజన్ సంస్థ ప్రేక్షకులను అతనికి చేరవేస్తుంది, కార్యక్రమం వారిని పోగుచేసే సాధనం మాత్రమే. నేపథ్యంలో దుకాణాలలోనూ లిఫ్టులలోనూ వినిపించే తరహా మెత్తని సంగీతం సాగుతుంది. వాక్యాలు హెచ్చరిస్తుంటే సంగీతం జోకొడుతుంది. ఈ వైరుధ్యమే కృతికి ప్రాణం. శీర్షికలోని ఆంగ్ల క్రియకు అప్పగించడం, విముక్తం చేయడం అనే రెండర్థాలూ ఉండటం గమనార్హం.

ప్రేక్షక సమూహమే ప్రసార మాధ్యమాల అసలు సరుకన్న వాదనను డాలస్ స్మైత్ 1977లో సిద్ధాంతీకరించాడు. కళాకృతి అంతకు నాలుగేళ్ల ముందే ఆ మాట చెప్పింది.

దోషం ఎక్కడ?

ప్రేక్షకుడికి వినోదం ఉచితంగా లభిస్తోంది, ఇష్టం లేకపోతే కట్టివేయవచ్చు, కనుక ఇందులో దోషమేమీ లేదన్నది బలమైన పూర్వపక్షమే. మనిషిని కేవలం సాధనంగా చూడరాదన్న కాంట్ సూత్రంలో 'కేవలం' అన్న పదం కీలకం. దుకాణదారు కూడా కొనుగోలుదారుణ్ణి తన లాభానికి సాధనం చేసుకుంటాడు. అయితే అక్కడ కొనుగోలుదారు బేరంలో భాగస్వామి. ధర అడుగుతాడు, నాణ్యత చూస్తాడు, కాదంటాడు. టెలివిజన్ బేరం సంస్థకూ ప్రకటనదారుకూ మధ్య జరుగుతుంది. ప్రేక్షకుడు అందులో పక్షం కాదు, పరిమాణం. అతిథిగా పలకరిస్తూ సరుకుగా లెక్కించడంలోనే దోషముంది.

ఈ భేదాన్ని చూపడానికి మన అలంకారశాస్త్రం తోడ్పడుతుంది. నాట్యశాస్త్రం 27వ అధ్యాయం ప్రయోగసిద్ధిని చర్చిస్తూ ప్రేక్షకుడి లక్షణాలను నిర్దేశిస్తుంది. ప్రయోగం సఫలమో విఫలమో తేలేది అతని స్పందనలో. అందుకే అతడికి అర్హతలు కావలసివచ్చాయి. రేటింగుకు ఏ అర్హతా అక్కరలేదు. టీవీ నడుస్తూ ఉంటే చాలు. మెచ్చి చూసినా, రోత పడుతూ చూసినా అంకె ఒక్కటే. చూపు లెక్కకు వస్తుంది, తీర్పు రాదు.

జ్ఞానం - విముక్తి

సెర్రా చెప్పిన సత్యం నేడు రహస్యం కాదు. 'అంతా టీఆర్పీ కోసమే' అన్న మాట తెలుగు ఇళ్లలో ధారావాహికలు చూస్తూనే అనుకునే మాట. తెలుసుకోవడం, కట్టుబడి ఉండటం ఒకే మనసులో ఇమిడిపోగలవు. నేపథ్య సంగీతం ద్వారా కృతి సూచించింది సరిగ్గా దీనినే. కనుక 'చూడకుండా ఉండవచ్చు కదా' అని మొత్తం భారాన్ని ప్రేక్షకుడిపై మోపడం అన్యాయం.

విమర్శకుడి స్థితీ ఇటువంటిదే. కళాకారుడు క్రిస్ బర్డెన్ 1973లో లాస్ ఏంజెలెస్ స్థానిక చానల్‌లో ప్రకటన సమయం కొని, పగిలిన గాజుముక్కలపై తాను పాకుతున్న కొద్ది క్షణాల దృశ్యాన్ని ప్రసారం చేయించాడు. ఆ తెరపై స్వతంత్రంగా కనిపించడానికి అతడు ముందు ప్రకటనదారు కావలసివచ్చింది. అక్కడ కొనుగోలుదారుకు చోటుంది, పౌరుడికి లేదు.

ఉపసంహారం

ప్రేక్షకుడి అజ్ఞానం కంటే అతని తీర్పుకు స్థానం లేకపోవడమే అసలు సమస్య. మేలుకొలుపు అవసరమే, కాని చాలదు. తీర్పు చెప్పే వేదిక లేనివాడికి ఎరుక కూడా క్రమంగా మరొక నేపథ్య సంగీతంగా మారిపోతుంది. సెర్రా కృతి సరుకుతనాన్ని వెల్లడించి ఆగిపోయింది. ప్రేక్షకుణ్ణి మళ్లీ నిర్ణేతగా నిలబెట్టే మార్గాలను అన్వేషించడం ఆ కృతి మనకు మిగిల్చిన పని.