యాత్రాఫలము

తీర్థయాత్రకు ఫలము గలదా యను వాదము నేటికిని దెగలేదు. కలదనువారు గమ్యస్థానమును జూపుదురు. లేదనువారు ఆ స్థానమహిమను బరిహసింతురు. ఉభయులును నడుమనున్న త్రోవను విడిచి వాదించుచున్నారని మాకు దోచుచున్నది.

ఫ్రాన్సుదేశమందలి లె ప్వీ పట్టణమునుండి, క్రీస్తుశిష్యుడగు యాకోబు సమాధి గలదని నమ్మబడు స్పెయినుదేశపు సాంతియాగోకు వేయియేండ్లనాడే జనులు కాలినడకను బోయిరి, నేడును బోవుచున్నారు. ఆ పట్టణపు బిషప్పు గోదెస్కాల్కు 950వ సంవత్సరముననే బయలుదేరెను. దూరము రమారమి 1,500 కిలోమీటర్లు. అందు నాస్బినాల్ మొదలు సేంషెలీ గ్రామమువఱకు గల 17 కిలోమీటర్లు ఒక దినపు నడక. ఆ దినమున మేము ఓబ్రాక్ అను పీఠభూమిమీద నడిచితిమి. చెట్లు అరుదు, ఇండ్లు అంతకంటె నరుదు. ఱాతిగోడల నడుమ పచ్చికబయళ్లు, కపిలవర్ణపు గోవులు, ఎడతెగని గాలి. గోడల నడుమనున్న చిన్న తలుపులను దీసి, దాటి, మరల మూసి పోవలయును. పొగమంచు క్రమ్మెనా, పదియడుగుల దూరమున నున్న త్రోవగుర్తు గానరాదు. సాయంకాలమునకు త్రోవ లోయలోనికి దిగి సేంషెలీ చేరును.

ఆ పీఠభూమిమీదనే 1120 ప్రాంతమున అదలార్ అను ఫ్లాండర్సు ప్రభువు సత్రమొకటి కట్టించెనని ప్రతీతి. పొగమంచు క్రమ్మినప్పుడును, హిమము గురియునప్పుడును అచ్చటివారు గంట మ్రోగించుచుండిరి. దానికి దారితప్పినవారి గంట యని పేరు. ఫ్రెంచి విప్లవకాలమున సత్రము మూతపడెను. దాని దేవాలయము మాత్రము నేటికిని నిలిచియున్నది.

కాళ్లు నొచ్చుటయే పుణ్యమైనచో, ఏటేట ఆ గాలిలో పసుల గాచువాడు మహాపుణ్యాత్ముడు కావలెను. వానిని యాత్రికుడని యెవరును బిలువరు. గమ్యము చేరుటయే పుణ్యమైనచో, త్రోవలో మరణించినవానికి ఏమియు లేదనవలెను. అందులకు భక్తులును సమ్మతింపరు. మఱి ఫలమెక్కడ? యాత్ర మనుష్యుని అర్థిగా జేయును. ఇంటియొద్ద దానము చేయువాడు ఇచ్చట గ్రుక్కెడు నీటికై పరుల గడప యెక్కును. గంట మ్రోగించువాడు, వినువాడు భక్తుడో దొంగయో యెఱుగడు, ఎఱుగగోరడు. ఈ యిరువురి నడుమనే ధర్మము పుట్టుచున్నది.

ఇప్పుడు నడచువారిలో పలువురు విశ్వాసము లేనివారనియు, మూటలను బండ్లమీద బంపి వినోదమునకై వచ్చువారనియు గొందఱు నిందింతురు. నిజమే కావచ్చును. కాని దాహమునకు విశ్వాసముతో బనిలేదు. దాహము దీర్చువానికిని ఆ విచారణ యక్కఱలేదు.

కావున యాత్రలను నిందించు సంస్కర్తలకు మా మనవి యొకటి: గమ్యస్థానమును బ్రశ్నింపుడు, తప్పులేదు, కాని ఆ గంటను మ్రోగించు పనిని ఎవరికి అప్పగింతురో ముందు చెప్పుడు. యాత్రకు బోవు భక్తులకు మఱియొకటి: పరుల గడపయొద్ద మీరు ద్రావిన నీటి ఋణము దేవాలయములో దీఱదు, మీ గడపకు వచ్చిన బాటసారియొద్దనే తీఱును.