తొందరపడి నున్నగా రుద్దకు, తల్లీ

తల్లీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక రాయకుండా ఉండలేకపోయాను. నెల దాటినా ఆ పాదం బొమ్మ దగ్గరే ఉన్నావు. మాస్టారు వచ్చినప్పుడల్లా "మళ్లీ కొలువు" అంటున్నారు. ఊహ తెలిసినప్పటి నుంచి బొమ్మలేస్తున్న దాన్ని, ఫ్లోరెన్స్ దాకా వచ్చి ఇంకొకరి బొమ్మకు నకలు తీస్తున్నానేమిటి పెద్దమ్మా అని బాధపడ్డావు. నీ బాధ నాకు అర్థమైంది. కానీ ఆ పని చిన్నది కాదమ్మా.

నీ ముందున్న పటం షార్ల్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగు పాఠంలోది. చిత్రకారుడు జెరోమ్‌తో కలిసి ఆయన చేసిన ఆ పాఠాన్ని పారిస్‌లో గూపిల్ సంస్థ 1866 నుంచి 1871 దాకా అచ్చువేసింది. మొత్తం 197 పటాలు. వాన్ గో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్న కొత్తలో, 1880లో, బెల్జియం బొగ్గు గనుల ఊళ్లో కూర్చుని వాటినే దిద్దుకున్నాడు. 1890లో, ఇంకొన్ని వారాల్లో చనిపోతాడనగా, ఆ పాఠంలోని బొగ్గు డ్రాయింగులు మళ్లీ పంపమని తమ్ముడికి ఉత్తరం రాశాడు. పొద్దుతిరుగుడు పూలు వేసేసిన మనిషికి అప్పటికీ వాటితో పనుంది. నీకు నెలకే విసుగొస్తే ఎలా?

నువ్వు ఫోటో పంపావు కదా, అందులో ఒకటి గమనించాను. పటానికి కుడివైపున నీడలన్నీ నింపిన పాదం ఉంది, ఎడమవైపున ఉత్త సరళరేఖల పాదం ఉంది. నీ మనసంతా కుడివైపుకే పోతోంది. కొన్నాళ్లు దాన్ని కాగితంతో కప్పేసి ఎడమవైపే చూడు. మడమ వంపును బార్గ్ వంపుగా గీయలేదు, రెండు మూడు తిన్నని గీతలుగా విరిచాడు. తిన్నని గీత ఎంత వాలిందో కొలవొచ్చు. వంపులో తప్పు దాక్కుంటుంది. చుక్కలు సరిగా పడకుండా మెలికలు తిప్పిన ముగ్గు ఏమవుతుందో మన వాకిట్లో చూశావుగా, ఇదీ అంతే. అన్నిటికంటే ఎత్తున్న బిందువు, అన్నిటికంటే కిందున్నది, కుడి అంచు, ఎడమ అంచు. ఈ నాలుగూ కుదిరాకే లోపలికి వెళ్లు. గుండు కట్టిన దారాన్ని పటం మీద నిలువుగా వేలాడదీసి, ఏ వేలు ఏ కీలుకి సరిగ్గా కింద పడుతోందో చూసుకో.

తర్వాత ప్లాస్టర్ బొమ్మ ముందు నిలబెడతారు. బొమ్మ పక్కనే ఈజిల్, నేల మీద పాదాలకు గుర్తు. ఆ గుర్తు దగ్గర నిలబడితే బొమ్మా, నీ డ్రాయింగూ ఒకే సైజులో కనబడాలి. చూసేది ఆ గుర్తు దగ్గర, గీసేది ఈజిల్ దగ్గర. అక్కడ చూసి, నడిచివెళ్లి, ఒక్క గీత పెట్టి, మళ్లీ వెనక్కి రావాలి. రోజంతా ఇదే నడక. కాళ్లు లాగుతాయి. చాలామంది అక్కడే బద్ధకించి, కాగితానికి ముక్కు ఆనించి, తమకు తెలిసిన కన్నునూ తెలిసిన పెదవినీ గీసేస్తారు. నువ్వు అలా చేయకు. కళ్లు సగం మూసి చూడు; కన్ను, పెదవి అనే పేర్లు పోయి వెలుగు ముక్కలూ నీడ ముక్కలూ మిగులుతాయి. నీడనంతా మొదట ఒకే రంగుగా నింపు. నీడలో కనబడే ప్రతిఫలించిన వెలుతురు నిన్ను ఊరిస్తుంది, దాన్ని నమ్మకు. అది ఎంత మెరిసినట్టున్నా వెలుగులో ఉన్న భాగం కంటే ముదురుగానే ఉండాలి. బొగ్గు కడ్డీని ఉప్పుకాగితం మీద సూదిలా సాన పెట్టుకో. నున్నగా రుద్దడం అన్నిటికంటే చివర. అచ్చు తప్పిన పాదాన్ని ఎంత నునుపు చేసినా అది తప్పిన పాదమే.

నీ బాణీ పోతుందేమోనన్న భయం పెట్టుకోకు. మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో ఇలాంటి పాశ్చాత్య శిక్షణే పొందాడు. 1925లో పోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. అయినా ఆయన వేసిన మనుషులు మన మనుషులే. ఈసారి వచ్చినప్పుడు రాజమండ్రిలో ఆయన గ్యాలరీకి తీసుకెళ్తాను.

మీ స్కూలు చెప్పినా చెప్పకపోయినా ఒక పని మాత్రం చేయి. పక్కపక్కన పెట్టి పోల్చడం ఒక్కటే అలవాటైతే ఎదురుగా బొమ్మ లేనప్పుడు చెయ్యి ఆగిపోతుంది. శిల్పి రోదాకు గురువైన లకోక్ ద బువాబోద్రాన్ పిల్లలచేత జ్ఞాపకం నుంచి గీయించేవాడు. నువ్వూ రాత్రి పడుకునేముందు, పగలు దిద్దిన పాదాన్ని చూడకుండా చిన్నగా గీయి. మర్నాడు పటం పక్కన పెట్టి ఎక్కడ తప్పిందో చూసుకో.

సెలవు రోజున అకాడమియా గ్యాలరీకి వెళ్లు. అందరూ డేవిడ్ విగ్రహం దగ్గర మూగుతారు. నువ్వూ చూడు, కానీ తర్వాత శిల్పి బార్తోలీని ప్లాస్టర్ బొమ్మలున్న హాల్లోకి కూడా వెళ్లు. వాటి ఒంటినిండా నల్లటి చుక్కలు కనబడతాయి. పాలరాతి మీదికి కొలతలు ఎక్కించడానికి పెట్టుకున్న గుర్తులవి. అక్కడ కాసేపు కూర్చుని ఒక చెయ్యో, ఒక భుజమో గీసుకో.

వేళకు తిను. రోజంతా నిలబడే పని కాబట్టి మెత్తటి చెప్పులు కొనుక్కో, డబ్బులకు వెనకాడకు. ఆదివారం ఆ జ్ఞాపకం డ్రాయింగులు ఫోటో తీసి పంపు. దిద్దిన గీతలు చెరిపేయకుండా పంపు, నాకు అవే కావాలి.

ప్రేమతో,
పెద్దమ్మ