నొప్పిని దాచుకొనవద్దు



ఈ సంచికలో ధ్యానమునకు ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయము 25 మొదలు 30 వరకు గల వచనములను తీసుకొన్నాము. ముందు బైబిలు తెరచి ఆ ఆరు వచనములు చదువుకొని, తరువాత ఈ మాటలు చదవండి. ఎపఫ్రొదితు అను పేరు మన పిల్లలకు పెట్టుకొనము, ప్రసంగములలో కూడ అరుదుగా వింటాము. అయితే ఊరు విడిచి వచ్చి, పరాయి చోట జబ్బుపడినవాడు బైబిలులో ఎవరని అడిగితే మేము మొదట చెప్పే పేరు ఇతనిదే.

చెరలో ఉన్న పౌలుకు సహాయముగా ఫిలిప్పీ సంఘము ఇతనిని పంపినది. ఆ చెర రోమాలోనిదే అయితే, ఆ ప్రయాణము వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. అక్కడ జబ్బుపడి చావు అంచువరకు వెళ్లాడు. దేవుడు కనికరించాడు, బ్రతికాడు. ఇంతవరకు మనకు తెలిసినదే. అయితే 26వ వచనములో ఇంకొక సంగతి ఉన్నది. ఇతనిని కృంగదీసినది జబ్బు ఒక్కటే కాదు. తాను జబ్బుపడినట్టు ఊరిలో వారికి తెలిసిపోయినది గదా అని బాధపడ్డాడు.

రెండు వేల సంవత్సరములు గడచినను ఇల్లు విడిచి వచ్చినవాని మనస్సు మారలేదు. షిఫ్టు విడిచిన తరువాత సిప్‌కాట్‌లో కంపెనీ గేట్ల దగ్గర నిలువబడి ఫోనులో మాట్లాడే మనవారి మాటలు వినండి. "తిన్నానమ్మా. బాగానే ఉన్నా. పని తేలికే." ఒంగోలు వైపు తల్లికి, పల్నాడులో భార్యకు అందరు చెప్పేది ఇదే. అక్కడివారు కూడ "మేమూ బాగున్నాం" అంటారు. ఆ రోజే నాన్న ఆసుపత్రిలో ఉంటాడు. ఒకరినొకరు బాధపెట్టకూడదని ఇరువైపులవారును దాస్తారు. ఇది ప్రేమే, కాదనము. అయితే ఈ దాపరికము ప్రాణము మీదికి తెచ్చిన సంగతి ఒకటి మా కళ్లెదుట జరిగినది. దానిలో మా తప్పు కూడ ఉన్నది గనుక వ్రాయవలసి వచ్చినది.

కృష్ణగిరి దగ్గర గ్రానైట్ రాయి కోసి పాలిష్ పట్టే షెడ్డులో పనిచేసే సహోదరుడొకడు మన ఆదివారపు సాయంకాల సహవాసమునకు వచ్చేవాడు. పేరు వ్రాయము; ఈ సంగతి వ్రాయుటకు అతడే ఒప్పుకొన్నాడు. రెండు నెలలుగా దగ్గు. ఆసుపత్రిలో కఫము పరీక్షించి క్షయ అన్నారు, మాత్రలు ఇచ్చారు. మేము అతని చుట్టు నిలువబడి ప్రార్థించాము. కొద్ది వారములలో జ్వరము తగ్గినది, ఆకలి పుట్టినది. మాలో ఒకరు ఆతురపడి "ప్రభువు ముట్టాడు, లేచి సాక్ష్యం చెప్పు తమ్ముడూ" అన్నారు. అతడు చెప్పాడు. మేమందరము హల్లెలూయ అన్నాము. ఆ వారము నుండి అతడు మాత్రలు మానివేశాడు. మానమని మేము చెప్పలేదు. మానవద్దని కూడ చెప్పలేదు.

నాలుగు నెలలకు దగ్గు తిరిగి వచ్చినది, ఈసారి రక్తముతో. అప్పుడును అతడు మాకు చెప్పలేదు. కూటమునకు రావడము తగ్గించాడు. వచ్చినా వెనుక గుమ్మము దగ్గర కూర్చుండి, దగ్గు వస్తే బయటకు వెళ్లిపోయేవాడు. గదిలో తోడుండే కుర్రవాడు వచ్చి చెప్తే మాకు తెలిసినది. "ఎందుకు చెప్పలేదయ్యా?" అని అడిగితే, "అందరి ముందర స్వస్థత సాక్ష్యం చెప్పినోణ్ణి అన్నా. మళ్లీ వచ్చిందని ఏ మొహం పెట్టుకొని చెప్పను? విశ్వాసం లేదంటారు గదా" అన్నాడు.

మా దగ్గర సమాధానము లేదు. తల్లి దగ్గర దాచినది ప్రేమచేత. మా దగ్గర దాచినది భయముచేత. యాకోబు పత్రిక 5వ అధ్యాయము 14వ వచనమును మేము ఎన్నిసార్లు చదివి వినిపించి ఉంటాము! అక్కడ మొదటి పని పెద్దలది కాదు, రోగిది. అతడు పెద్దలను పిలిపించాలి. పిలిపించుటకు నోరు రావాలి. నోరు మూసుకొనేటట్టు చేసిన సంఘములో నూనె సీసా ఎంత పెద్దదైతే ఏమి?

ఇది జరిగిన తరువాత మా పాత చరిత్ర ఒకటి మాకు సిగ్గు పుట్టించినది. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి కూలి ఇచ్చిన సంగతి మీ పెద్దల దగ్గర వినే ఉంటారు. బోధకులే మేస్త్రీలు. పలుగు దించి కూర్చున్న వేళ వారు కూలీల మధ్య కూర్చుండి సువార్త చెప్పేవారు. ఎందరో విశ్వసించి బాప్తిస్మము అడిగినను, కూడు కొరకు వచ్చారన్న మాట రాకూడదని దొరగారు కరవు పని ముగిసేవరకు ఆపి ఉంచారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందారు. సంఖ్యను మనము గొప్పగా చెప్పుకొంటాము. అంతకు ముందు ఓపికతో ఆగిన నెలలను చెప్పుకొనము. వారు అంతకాలము ఆగగలిగినప్పుడు, ఒక తమ్ముని మందులు పూర్తి అయ్యేవరకు సాక్ష్యము ఆపలేకపోతిమా?

అందుచేత ఇప్పుడు మేము స్వస్థతను గూర్చి మాట్లాడునప్పుడు సాక్ష్యముతో కాక మొఱ్ఱతో మొదలుపెట్టుచున్నాము. 13వ కీర్తన తీయండి. మొదటి రెండు వచనములు, ఇంకెంతకాలమని దేవుని అడిగే ప్రశ్నలే. 88వ కీర్తన తీయండి. అది చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివర స్తుతి లేదు. అయినను పరిశుద్ధాత్మ దానిని కీర్తనలలో నుండి తీసివేయలేదు. గెత్సేమనేలో మన ప్రభువు కూడ తన ప్రాణము ఎంత దుఃఖములో ఉన్నదో ముగ్గురు స్నేహితులకు నోరు తెరచి చెప్పాడు, తనతో మెలకువగా ఉండమని అడిగాడు (మత్తయి 26:38). వారు నిద్రపోయారు, అది వేరే సంగతి. దేవుని కుమారుడు చెప్పుకొన్నాడు గదా, మనము చెప్పుకొంటే విశ్వాసము తగ్గినట్టు ఎలాగవుతుంది?

ఒక ఆదివారము ప్రసంగము లేకుండ 88వ కీర్తన నిదానముగా చదివి, ఐదు నిమిషములు ఊరకున్నాము. మొదట అందరికి ఇబ్బందిగానే ఉండినది. ఒకరిద్దరు పాట ఎత్తుకొనబోతే వారించాము. తరువాత హోసూరు దగ్గర గులాబి తోటలో పనిచేసే ఒక సహోదరి, వంగి వంగి రెండు సంవత్సరములుగా నడుము పట్టివేసి రాత్రులు నిద్రలేదని మెల్లగా చెప్పినది. ఆమె పక్కనే ప్రతి వారము కూర్చుండేవారికి కూడ అది తెలియదు.

ఆమెను ఆసుపత్రికి తీసుకొని వెళ్లినప్పుడు ఇంకొకటి నేర్చుకొన్నాము. హోసూరు బజారులో మన తెలుగు బాగుగా చెల్లుతుంది, ఆసుపత్రిలో కూడ తెలుగు తెలిసిన నర్సులున్నారు. తెలియని డాక్టరు ఎదుట కూర్చుంటే మాత్రము నాలుక కట్టుబడిపోతుంది. మన భాషలో పంటికి సలుపు, కాళ్లకు పీకుడు, పక్కలో పోటు, నడుముకు పట్టు, గుండెలో మంట, కడుపులో మెలి. అమ్మమ్మలను అడిగితే ఇంకెన్నో చెప్తారు. అక్కడ అవన్నియు పోయి 'వలి' అనే ఒక్క తమిళ మాట మిగులుతుంది. డాక్టరుకు ఏమి తెలుస్తుంది? కనుక తమిళము వచ్చిన మన బిడ్డలు రోగితోకూడ వెళ్లి చీటి దగ్గర, గదిలో, మందుల కిటికీ దగ్గర నిలువబడుట కూడ పరిచర్యే. ఉపవాస ప్రార్థనకు పేర్లు ఇచ్చినట్టు దీనికిని పేర్లు ఇవ్వండి.

నొప్పి చెప్పుకొనుట బలహీనత అనుకొనేవారు మన దారిలోనే ఉన్న వేలూరును గూర్చి వినాలి. కృష్ణగిరి నుండి వేలూరు ఒకే హైవే. మనలో చాలమంది అక్కడి సి.ఎం.సి. ఆసుపత్రి మెట్లు ఎక్కినవారమే. పాల్ బ్రాండ్ అను డాక్టరు 1946లో అక్కడికి వచ్చాడు. ఆయన 1914లో మన తమిళనాడులోనే కొల్లి కొండల మీద, బాప్టిస్టు మిషనెరీల ఇంట పుట్టినవాడు. తండ్రి 1929లో ఆ కొండల మీదనే జ్వరముతో చనిపోయాడు. కుష్ఠురోగుల వ్రేళ్లు కుళ్లి రాలిపోతాయని ఆ రోజులలో అనుకొనేవారు. ఆయన పరిశీలించి చూస్తే చాలవరకు కారణము వేరు. నరములు చచ్చి నొప్పి తెలియక, వేడి గిన్నె పట్టుకొన్నను, మేకు గుచ్చుకొన్నను చెయ్యి వెనుకకు తీసుకొనరు. పుండు మీద పుండు పడి చెయ్యి పాడవుతుంది. నొప్పిని దేవుని వరమని ఆయన జీవితమంతా చెప్పుచు వచ్చాడు. 1 కొరింథీ 12:26 ప్రకారము సంఘము ఒక శరీరమైతే, మన గ్రానైట్ తమ్ముడు గుమ్మము దగ్గర దగ్గుచుండగా మనకు తెలియకపోవడము ఏ రోగమో మీరే ఆలోచించండి.

మందు, ప్రార్థన అని రెండు పక్షములు చేసేవారు ఇక్కడ కూడ బయలుదేరారు. హిజ్కియాకు ఆయుష్షు పెంచుతానని దేవుడు వాగ్దానము చేసిన తరువాత కూడ యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు (2 రాజులు 20:7). ఇంతకంటె ఎక్కువ వాదించము. క్షయకు పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. సాధారణముగా ఆరు నెలలు వాడాలి. ఒళ్లు తేలికపడినదని మధ్యలో మానితే మందుకు లొంగని క్షయగా మారవచ్చును. పౌష్టికాహారము కొరకు 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేయుచున్నారు. పండుగకో, పని మారియో ఊరు వెళ్లవలసి వస్తే ముందుగా చెప్పి పేరు అక్కడికి మార్పించుకొనవచ్చును, మందు ఆగనక్కరలేదు. రాయి పనిలో ఉన్నవారు రెండు వారములకు మించి దగ్గు ఉంటే దుమ్మే గదా అని ఊరుకొనవద్దు. రాతి పొడి ఊపిరితిత్తులలో చేరినవారికి క్షయ త్వరగా పట్టుకొంటుంది. ఇకమీదట మన సహవాసములో డాక్టరు కోర్సు పూర్తి అయినదని చెప్పేవరకు ఎవరిని స్వస్థత సాక్ష్యమునకు లేపము. లేచిననాడు మాత్రలకును దేవునికి స్తోత్రము చెప్పుదుము.

ఆ సహోదరునికి మరల మొదటినుండి మందులు పెట్టారు. ఈసారి ఎక్కువ కాలము పట్టినది. ప్రతి రాత్రి మాలో ఎవరమో ఒకరము ఫోను చేసి మాత్ర వేసుకొన్నావా అని అడిగేవారము. క్షయ తగ్గినది. రాతి పొడివలన ఊపిరితిత్తులలో పడిన మచ్చలు మాత్రము పోలేదు, పోవని డాక్టరు చెప్పాడు. మెట్లు ఎక్కితే ఆయాసము. షెడ్డు మాని ఇప్పుడు ఒక గోడౌను దగ్గర వాచ్‌మనుగా ఉన్నాడు. పౌలు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వెళ్లినట్టు 2 తిమోతి 4:20లో ఉన్నది. ఎపఫ్రొదితుకు అలాగు, త్రోఫిముకు ఇలాగు ఎందుకో పౌలు వ్రాయలేదు, మేమును చెప్పలేము. మేము అతని గదికి వెళ్తాము, అతడు మా ఇండ్లకు వస్తాడు.

మందులు మరల మొదలైన రెండవ వారములో, మేము పక్కన ఉండగా అతడు తల్లికి ఫోను చేశాడు. ఏమి చెప్పాలో ముందే అనుకొన్నాడు గాని, "అమ్మా, నాకు బాగలేదు" అన్న తరువాత మాట రాలేదు. ఆమె ఏడ్వలేదు. మరునాడు రాత్రి బయలుదేరి బెంగుళూరు వరకు రైలులో, అక్కడనుండి బస్సులో కృష్ణగిరి వచ్చినది. గదిలో చాప మీద కూర్చుండి, అతని వీపు నిమురుచు ఇట్లన్నది: "ఫోనులో నీ దగ్గు నాకు వినపడలా అనుకున్నావా నాయనా? ఆరు నెల్ల నించి వింటానే ఉండా. నువ్వే చెప్తావని చూస్తన్నా."